డార్మిటరీకి ఒకే చీటీ

కంప్యూటర్ అన్న మాట పలికినవాడికల్లా ఉద్యోగం దొరుకుతున్న రోజులవి. నాతోపాటు సింగపూర్ వచ్చినవాళ్లంతా మెడలో బ్యాడ్జీలు వేసుకుని తిరుగుతుంటే, నేను యూనివర్సిటీలో మా ప్రొఫెసర్ గారి కోసం యాభైల నాటి ఎన్నికల ఫలితాలు టైపు చేస్తూ కూర్చున్నాను. ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రం. నగరంలో ఒక్కో సీటుకి ఓటర్లు కిక్కిరిసి ఉండేవారు, పల్లెల్లో పలచగా ఉండేవారు. సీట్లు మాత్రం పల్లెలకే ఎక్కువ. దాంతో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న పార్టీ వెళ్లి ప్రతిపక్షంలో కూర్చుంది. టైపు చేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ ఊరితో నాకేం సంబంధం అంటే ఏమీ లేదు. నా కోపానికి సంబంధాలు అక్కర్లేదు.

యీషున్‌లో నేను ఒక గదిలో అద్దెకున్న ఫ్లాట్ ఓనరు ఆంటీకి రోజూ భోజనాల దగ్గర ఈ అన్యాయం వినిపించేదాన్ని. ఆవిడ పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఇక్కడే ఉన్న మనిషి. మా చుట్టుపక్కల తెలుగువాళ్ల ఉగాది ఆవిడ చేతుల మీదుగానే జరిగేది.

"వాళ్లంతా ఎప్పుడో పోయుంటారు లా," అనేది ఆంటీ, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి. "నువ్వు ముందు ఆ చారు పోసుకో."

ఆ ఏడు ఉగాది ఫంక్షన్ శనివారం సాయంత్రం చేయాలా, ఆదివారం చేయాలా అన్నది తగువైంది. ఫ్లాట్లలో వాళ్లకు శనివారం కావాలి, మర్నాడు తీరిగ్గా లేవొచ్చని. జురాంగ్ వైపు షిప్‌యార్డుల్లో పనిచేస్తూ అక్కడే ఒక డార్మిటరీలో ఉండే మనవాళ్లకు ఆదివారం తప్ప సెలవు లేదు. వాళ్లలో శ్రీకాకుళం వైపు వెల్డరు ఒకాయన ఉండేవాడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఊళ్లో నాటకాల్లో రాజు వేషాలు కట్టిన మనిషి. ఉగాది స్టేజీ మీద ఒక్క పద్యం పాడాలని ఆయన కోరిక. ఏటా ఫంక్షన్ శనివారమే పెట్టడంతో కుదరలేదు. వైశాఖంలో పని పర్మిట్ అయిపోయి ఇంటికి వెళ్లిపోతున్నాడు కాబట్టి ఈసారి తప్పితే ఇక లేదు.

"ఓట్లు పెట్టు. ఎలక్షన్లంటే నీకు బాగా తెలుసుగా," అంది ఆంటీ.

నేను ఉబ్బిపోయాను. ఉగాది కార్డులు పంపే లిస్టు ఆవిడ దగ్గర సిద్ధంగా ఉంది. మా పద్ధతి తలుపుకో కార్డు. బ్లాకు నంబరు, ఇంటి నంబరు, ఒక కార్డు. అదే లిస్టు పట్టుకుని తలుపుకో చీటీ పంపించాను. డార్మిటరీ కూడా అందులో ఒక తలుపే.

చీటీలన్నీ తిరిగొచ్చాయి. డార్మిటరీ చీటీ మీద 'ఆదివారం' అని రాసి, దాని కింద, వెనక, అంచుల వెంబడి చీమల్లాంటి అక్షరాలతో పేర్లే పేర్లు. ఎంత సరదాగా సంతకాలు పెట్టారో అని ముచ్చటపడ్డాను. ముచ్చటపడి, ఆదివారం కింద ఒక గీత గీశాను.

శనివారానికి ఇరవై ఆరు, ఆదివారానికి పందొమ్మిది. శనివారం గెలిచింది.

ఆ మాట ఫోన్లో చెప్పడానికి మనసొప్పక, ఆదివారం రైలెక్కి జురాంగ్ ఈస్ట్ వెళ్లాను. తిండి బడ్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో బాబాయ్ నాకు టీ తెచ్చిపెట్టి, తను ఎదురుగా కూర్చున్నాడు. సంగతి చెప్పాను.

"పోన్లేమ్మా. ఓట్లు గదా, ఎక్కువొచ్చినోల్లదే గెలుపు," అన్నాడు. టీ గ్లాసు నా దగ్గరికి జరిపి, "మరి ఒక్క కాయితవే అంపినారు గదా, అందరం అందులోనే సద్దుకున్నాం. రాత రానోల్లకి నానే రాసినాను," అన్నాడు.

ఆ మాటలో నిష్ఠూరం ఇసుమంతైనా లేదు. నా చేతిలో టీ మాత్రం గ్లాసులోనే ఉండిపోయింది. వాళ్లు సరదాకి పెట్టిన సంతకాలు కావవి, ఓట్లు. నెల రోజులుగా ఎవరినో తిట్టిపోస్తూ, అదే పని నేను ఒక్క గీతతో చేసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికి రాగానే ఆ చీటీ ఆంటీ ముందు పెట్టి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, వేలు పెట్టి ఒక్కో పేరూ లెక్కపెట్టింది. నలభై ఆరు.

"ఫ్లాటుకి ఇద్దరేసి లెక్కేసినా ఆదివారమే," అంది. "ఇన్నేళ్లూ కార్డు కూడా ఒక్కటే పంపాను కదే నేను." వెంటనే ఫంక్షన్ హాలువాళ్లకి ఫోన్ చేసి రోజు మార్పించింది.

నా తెలివి అక్కడితో ఆగలేదు. కుర్చీలు కూడా అదే లిస్టు చూసి తలుపుకి నాలుగు చొప్పున వేయించాను. ఆదివారం ఇస్త్రీ చొక్కాలతో డార్మిటరీ మొత్తం దిగి, గోడల వెంబడి నిలబడిపోయింది. ఆంటీ మైకు లాక్కుని, "పిల్లలంతా కింద కూర్చోండి. పెద్దవాళ్లు సర్దుకోండి లా," అని కేకేసింది. ఫ్లాట్లవాళ్లు గొణుక్కుంటూనే జరిగారు. నేను వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

బాబాయ్ చెప్పులు విడిచి స్టేజీకి దండం పెట్టి పద్యం ఎత్తుకున్నాడు. చివరి రాగం అలా సాగుతూనే ఉంది. అయిపోగానే మా వెనక గోడ మొత్తం "వన్స్‌మోర్!" అని అరిచింది. మళ్లీ పాడాడు. రెండోసారి "వన్స్‌మోర్" ముందు వరసలోంచి వినపడింది. మెడ సాచి చూస్తే, లేచి నిలబడి అరుస్తున్నది ఆంటీ. బాబాయ్ కండువాతో కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.