బురైదా సంతలో పొట్టేలు బేరం

గల్ఫ్ యుద్ధం ముగిసిన కొద్ది నెలలకు, 1991 వేసవిలో, సౌదీ అరేబియాలోని బురైదాలో ఒక ఆసుపత్రిలో వైరాలజీ స్పెషలిస్టుగా చేరాను. స్పెషలిస్టంటే కన్సల్టెంటుకు ఒక మెట్టు కింద. పని ఇద్దరిదీ ఒకటే, చివరి సంతకం మాత్రం పై మెట్టుది. ప్రొద్దుటూరులో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ని కనుక కాంట్రాక్టు మీద కూడా బేరమాడి సెలవులు పెంచుకున్నాను. ఆ సెలవులు ఎండలు తగ్గాకే ఇస్తారని అక్కడికి వెళ్లాక తెలిసింది.

యుద్ధం పోయింది గాని భయం పోలేదు. క్షిపణుల్లో ఆంథ్రాక్స్ పంపారనీ, మశూచి పంపారనీ పుకార్లు ఇంకా తిరుగుతున్నాయి. ఎవరి ఒంటి మీద పొక్కు కనబడినా ఆసుపత్రి ఉలిక్కిపడేది.

అలాంటి రోజుల్లో, బక్రీదు దగ్గర పడుతుండగా, మల్లేశం వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి, ఊరి బయట గొర్రెల కాపరి. కుడిచేతి వేళ్ల మీద రేగుపండంత బొడిపెలు. నడుమ నల్లటి చెక్కు, చుట్టూ తెల్లటి వలయం. నొప్పి లేదన్నాడు. చిక్కంతా అక్కడే, ఆంథ్రాక్స్ పుండు కూడా నొప్పి పెట్టదు. బాక్టీరియా పరీక్షలో ఏమీ దొరకలేదు. కానీ అంతకుముందే బయటి క్లినిక్‌లో పెన్సిలిన్ పొడిచారు కనుక ఆ ఫలితాన్ని నమ్మే వీల్లేదు.

మా డైరెక్టరు మల్లేశాన్ని ఐసోలేషన్ గదిలో పెట్టించి, పైఅధికారులకు అనుమానపు నివేదిక పంపడానికి సిద్ధమయ్యాడు. అది వెళితే మంద మొత్తం కాల్చేస్తారు. నష్టపోయిన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మల్లేశానికి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తాడు.

నాకు మాత్రం అది గొర్రెల మూతికి వచ్చే ఆర్ఫ్ అనే వైరస్ పుండులా కనిపించింది. గొర్రెలకేమైనా జబ్బుందా అని అడిగాను.

"ఏం లేదు సార్. గొర్లన్ని మస్తుగున్నయి. గసొంటి గొర్లు ఈ తాలూకల్నే లెవ్వు," అన్నాడు, తలుపు అద్దం అవతల నిలబడ్డ కఫీల్ వైపు చూస్తూ.

సరుకును అంతగా మెచ్చుకుంటే మా నాన్న బస్తా అడుగున చెయ్యి పెట్టి చూసేవాడు. నేనూ అదే చేద్దామనుకున్నాను. డైరెక్టరుతో బేరం పెట్టాను. మనిషి గదిలోనే ఉన్నాడు, మందను కదలనివ్వకండి, రియాద్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసేదాకా నివేదిక ఆపండి అన్నాను. తప్పయితే బాధ్యత నాదని రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. ఎటు చూసినా నష్టపు బేరమే.

డాక్టరునంటే కఫీల్ మంద దరిదాపులకు రానివ్వడు. కొనేవాడినంటే మూతి తెరిచి చూపిస్తాడు, పళ్లు చూడకుండా పొట్టేలును ఎవరూ కొనరు కదా. ఆ గదిలో మాస్కు వెనక ఉన్న నా ముఖం అతనికి తెలియదు. నిలిపివేత కబురు అందేలోగా అతను కొన్నిటిని సంతకు తోలాడని విని, మా ఆసుపత్రి డ్రైవరు, కడప వాడైన ఖాజాను వెంటబెట్టుకుని వెళ్లాను.

"మీ ఇంట్లో గుడ్డు గూడా ముట్టరు గదా సార్, పొట్టేలు మీకేటికి?" అన్నాడు ఖాజా.

"నువ్వు అరబ్బీలో అడుగు, మిగతాది నేను చూసుకుంటా."

సంతలో కఫీల్ చూపించిన మొదటి పొట్టేలు పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ల అంచున ఎండిన పొక్కులు. ఆ వరుసలో నాలుగో దానికీ అవే. చెక్కు గీకుతానంటే గుట్టు రట్టవుతుంది, కనుక ఒకదాన్ని కొనేశాను. బేరం చూసి ఖాజా తలపట్టుకున్నాడు. "ఇంత ధర పెట్టి ఎవురన్నా కొంటారా? నన్నడగకూడదా సార్!"

పొట్టేలు మూతి చెక్కూ, మల్లేశం వేలి చెక్కూ రియాద్ వెళ్లాయి. మశూచి వైరస్ మైక్రోస్కోపు కింద ఇటుకలా ఉంటుంది. వచ్చిన ఫొటోలు రెండింటిలోనూ ఉన్నవి కోలగా, చుట్టూ దారం అడ్డదిడ్డంగా చుట్టినట్టున్న ఆకారాలు. మా కొట్లో పొట్లాలు కట్టే పురికొస ఉండలు! ఆర్ఫే. డైరెక్టరు నేను రాసిచ్చిన కాగితాన్ని నా ముందే చించేసి టీ తెప్పించాడు. గుండె మీద నుంచి బస్తా దించినట్టయింది.

"సార్, ఎగ్జిట్ గొట్టరు గదా?" అన్నాడు మల్లేశం.

"కొట్టరు. పుండు దానంతటదే మానుతుంది. మందు అక్కర్లేదు."

"ఇంత పెద్ద దవాఖానల మందు లేదా సార్!" అని మొదటిసారి నవ్వాడు.

పొక్కులు రాలేదాకా ఆ గొర్రెలను అమ్మొద్దని కఫీల్‌కు చెప్పాం. మంద దక్కిన సంతోషంలో ఖర్జూరాలు పంపాడు. నా పొట్టేలును తిరిగి కొంటానన్నాడు, జబ్బు సరుకు కనుక సగం ధరకు. నాకన్నా మంచి కొట్టులో పెరిగినట్టున్నాడు. ఇచ్చేశాను.

వారం తిరక్కుండానే నా బొటనవేలి మీద బొడిపె లేచింది. గ్లవుజులు వేసుకుని బేరమాడే కొనుగోలుదారు ఉండడు కదా! దాన్ని రోజూ ఫొటో తీశాను. తర్వాతి బక్రీదులకు చేతి పుండ్లతో వచ్చినవారి వివరాలు కలిపి ఒక పత్రం రాశాను. అందులో మొదటి బొమ్మ నా వేలిదే. ఆ తర్వాత మా ప్రాంతపు ఆసుపత్రుల్లో కేసు షీటు మీద ఒక ప్రశ్న చేరింది, ఈ మధ్య ఏ జంతువును ముట్టుకున్నారని. ఐసోలేషన్ గదికి పంపేముందు అది అడగడం ఆనవాయితీ అయింది.

పుండును ఎంతసేపు చూసినా, ఆ చెయ్యి ఏం పట్టుకుందో అడగనిదే రోగ నిర్ధారణ పూర్తి కాదని ఆ పోస్టింగులో నేర్చుకున్నాను. పొట్టేలు మూతిని గ్లవుజు లేకుండా ముట్టుకోకూడదని కూడా.