మందు మింగిన మాట దాచను

ఆదివారం ఆరాధనలో రెండో కీర్తన సగంలో ఉండగా నాకు దగ్గు తెర వచ్చింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే ఎర్రగా ఉంది. ఎవరూ చూడకుండా మడిచి నడుంలో దోపుకున్నాను గానీ, పాట మళ్లీ ఎత్తుకోలేకపోయాను. అప్పటికే చాన్నాళ్లుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతుంటే ఆయాసం వచ్చేది. సముద్రపు గాలి పడలేదని సరిపెట్టుకున్నాను. భావనపాడులో పుట్టి పెరిగినదానికి సముద్రపు గాలి పడకపోవడమేమిటి, నా మొహం!

మా ఆయన బస్సులో శ్రీకాకుళం ఆస్పత్రికి తీసుకెళ్లారు. కఫం తీసి చేసే స్పుటమ్ టెస్ట్, బ్లడ్ టెస్ట్, ఎక్స్-రే అన్నీ అయ్యాయి. డాక్టరుగారు ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూశారు.

"టీబీ అమ్మా. రైట్ లంగ్‌లో కేవిటీ ఉంది, ఊపిరితిత్తి అక్కడ గుల్లయింది. స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు, ఐఎన్‌హెచ్ బిళ్లలు రాస్తున్నాను. కాస్త బాగుందనిపించగానే మానేస్తారు మీరంతా. అలా మానేసేటట్టయితే ఇప్పుడే చెప్పండి" అన్నారు. కసిరినా మనిషి మంచివాడే.

ఇంటికొచ్చాక మా సంఘంవాళ్లు వాకిట్లోనే నిలబడి ప్రార్థన చేసి వెళ్లిపోయేవారు. లోపలికి వచ్చింది పొరుగింటి అప్పలమ్మ ఒక్కతే. చేపలమ్ముకునే మనిషి, మా మతం కాదు. రాగిపిండితో చోడంబలి కాచి తెచ్చి, నేను తాగేదాకా కదిలేది కాదు.

"దూరంగా ఉండవే, అంటుకుంటాది" అన్నాను.

"అంటుకుంటే సూద్దాం, ముందు తాగు. నీ పేరున గంగమ్మ తల్లికి మొక్కినాను. నీకు కోపమొస్తాదేటి?"

"కోపమెందుకే? నీ తల్లికి నువ్వు సెప్పుకో, నా ప్రభువుకి నాను సెప్పుకుంటాను."

ఆమె మొక్కును నేను కాదనలేదు. దానివల్ల నా విశ్వాసానికి వచ్చిన లోటూ లేదు.

కొంతకాలానికి చెవుల్లో హోరు పుట్టింది. లేచి నిలబడితే తూలిపోయేదాన్ని. అది ఇంజక్షన్ల వల్లేనని డాక్టరుగారు వాటిని ఆపి, పీఏఎస్ పొడి రాశారు. "చెవి కొంత పోవచ్చు. ప్రాణం నిలబడుతుంది" అన్నారు. ఆ పొడి తింటే పేగులు నోట్లోకి వచ్చేవి. ఏడుస్తూనే తిన్నాను. ఎట్టకేలకు స్పుటమ్ నెగటివ్ వచ్చింది, కఫంలో క్రిములు లేవన్నారు.

ఆ కబురు తెలియగానే మా బావగారు ఇంటికొచ్చారు. మా ఆయనకు అన్న, సంఘానికి పెద్ద. మా సంఘంలో జబ్బు నుంచి లేచినవాళ్లు ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పాలి. అందులో ఆస్పత్రి ఊసు రాకూడదని ఒక వాడుక. మందు పేరెత్తితే దేవుడి మహిమ తగ్గిపోతుందట!

"శాంతమ్మా, ప్రార్థనతోనే తగ్గిందని సెప్పు. మందుల మాట, ఆ గంగమ్మ మొక్కుదాని మాట ఎత్తకు" అన్నారు.

"మందు తిన్నాను కదా బావగారూ. అబద్ధసాక్ష్యం సెప్పమంటారా?"

"అబద్ధమాడమన్నానేటి? ఊరుకోమన్నాను."

ఆయన పట్టుదల ఎందుకో నాకు తెలుసు. ఆయన కోడలు రత్నం కూడా కొన్నాళ్లుగా దగ్గుతోంది. ఆ పిల్లను ఆస్పత్రికి పంపకుండా, ఉపవాస ప్రార్థనలతో ఇంట్లోనే ఉంచారు. నేను ఊరుకుంటే ఆయన మాటే నెగ్గుతుంది, రత్నం ప్రాణం పోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం లేచి నిలబడ్డాను. "నన్ను దేవుడే బతికించాడు. స్ట్రెప్టోమైసిన్ ఇచ్చి, పీఏఎస్ తినిపించి బతికించాడు. మీరంతా వాకిట్లో ఉండిపోతే అప్పలమ్మని లోపలికి పంపించాడు. ఆవిడ గంగమ్మకి మొక్కింది. ఆ మొక్కుని ఎవరైనా ఎక్కిరిస్తే నానొప్పుకోను" అన్నాను.

"కూకో శాంతమ్మా" అన్నారు బావగారు.

"కూకోను. దగ్గు తగ్గనోళ్లు శ్రీకాకుళం ఎల్లండి. మందు తినడం పాపం కాదు, అది దాచి సాక్ష్యం సెప్పడమే పాపం."

రత్నం వైపు మాత్రం చూడలేదు. పదిమందిలో ఆ పిల్లను బయటపెట్టే హక్కు నాకు లేదు.

మర్నాడు పొద్దున్నే రత్నం మా పెరటి గుమ్మంలో నిలబడింది. "సిన్నత్తా, ఆ బస్సెప్పుడొస్తాది?" అని అడిగింది. నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. ఇప్పుడు తనూ మందులు తింటోంది. బావగారు నాతో మాట్లాడడం మానేశారు.

నేను బడికి వెళ్తున్నాను. ఎడమ చెవి సరిగ్గా వినపడదు. స్త్రీల కూటంలో నన్ను ప్రార్థన చెయ్యమని ఎవరూ అడగరు. అడక్కపోతే మానె, మోకరించడానికి మా ఇంట్లో చోటు లేకపోలేదు.

చదివేవాళ్లకు నేను చెప్పేదొకటే. డాక్టరు చాలు అనేదాకా మందు మానకండి. తగ్గాక దేవుడికి స్తోత్రం చెప్పండి, ఆ నోటితోనే మందు పేరూ చెప్పండి. వెనక వరసలో దగ్గు ఆపుకుంటూ మీ మాట ఎవరు వింటున్నారో మీకు తెలియదు.