పన్నెండో పలక

ముత్యాలాచారి చెక్కిన బొమ్మలను ముత్యాలాచారి చేతనే చెరిపించారు. వేరే వడ్రంగి దొరక్క కాదు. పక్క ఊళ్లో నలుగురున్నారు. అయినా ఆయనే ఆ పని చెయ్యాలన్నారు. పంతొమ్మిది వందల అరవై ఒకటి, వైశాఖం. తేరు కదలడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

తోటపల్లి గూడూరుకు తూర్పున, గాలి అటు తిరిగితే సముద్రపు హోరు వినపడే ఊరు అది. గాలివానకు కూలిన చింతమాను కింద పాత తేరు నుగ్గయిపోతే, కొత్తది చెయ్యడానికి ఆచారికి మూడేళ్లు పట్టింది. తన తాత చేసిన పాతదాని వరసే పాటించాడు. చక్రాల మీద ఏనుగులు, ఏనుగుల మీద ఆలుమగల జంటలు, ఆ పైన దేవతలు, అందరికీ పైన వేణుగోపాలస్వామి కూర్చునే పీట. జంటల వరసలో పన్నెండు పలకలు. మగడి పాదంలో ముల్లు తీస్తున్న ఆడది, అలిగి అటు తిరిగిన దాని జడ పట్టుకున్న మగవాడు, ఒకే దుప్పటి కప్పుకున్న ఇద్దరు, దుప్పటీ బట్టా ఏదీ లేకుండా పెనవేసుకున్న ఇద్దరు. పన్నెండో పలకలో మాత్రం ఒక్కతే ఉంది. ఒడ్డున ఉన్న తెప్ప మీద చెయ్యి ఆనించి సముద్రం వైపు చూస్తోంది.

కొత్తగా కాపురానికొచ్చిన పిల్లను అత్త వెంటబెట్టుకొచ్చి ఆ వరసకు నూనె రాయించడం ఆ ఊరి ఆచారం. కడుపు పండుతుందంటారు. ఆ బొమ్మలుంటే తేరు మీద పిడుగు పడదని కూడా అంటారు. అక్కడ ఏం చెక్కి ఉందో అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తి చెప్పుకోరు, అంతే.

ఓబులేసు రైసుమిల్లులో బస్తాల మీద గుర్తులు వేసేవాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసి, గ్రంథాలయంలో చేతికందిన పుస్తకమల్లా చదివాడు. చదివింది చెప్పుకోవడానికి మనిషి లేక ఎప్పుడూ ఎవరో ఒకరి మీద మండిపడుతూ ఉండేవాడు. మధ్యాహ్నం మిల్లు ఆగిన గంటసేపు ఆచారి పాకలో కూర్చునేవాడు. ఆచారి ఉలి ఆపకుండా వినేవాడు.

"గ్రీకు దేశంలో పూర్వం ఒక జ్ఞాని చెప్పినాడంట ఆచారీ. ప్రేమనేది నిచ్చెన లాంటిదంట. మొదటి మెట్టు ఒక మనిషి ఒంటి మీద మోజు. అక్కడి నుంచి ఎక్కుతా ఎక్కుతా పోతే, చివరికి ఒళ్లే లేని అందం కనబడుతుందంట."

"ఎక్కినాక కింది మెట్టు పీకేస్తారా ఆ దేశంలో?"

"పీకేస్తారని యాడా చెప్పలా."

"పీకితే దిగేదెట్టా మరి? ఈ తేరు చూడు. సామి బరువంతా వచ్చి పడేది ఈ జంటల వరస మీదనే. ఇది లేకపోతే సామి ఏనుగుల మీద కూలబడతాడు."

ఇంకో రోజు అరబ్బుల సంగతి. ఇష్టపడిన దాన్ని తాకకుండానే కుమిలి కుమిలి చచ్చిపోవడమే గొప్ప ప్రేమ అనుకునే తెగ ఒకటుండేదని ఓబులేసు చెప్పాడు. ఆచారి ఉలి ఆపకుండానే అన్నాడు. "దాన్ని చెక్కితే ఇద్దరి మధ్యనా చెక్క మిగిలిపోద్ది. ఆ చెక్కనే బాగా చెక్కాల."

తమిళులు పూర్వం ఒక్కో నేలకు ఒక్కో వలపు పంచిపెట్టారనీ, కొండలకు కలయిక ఇచ్చి, సముద్రపు ఒడ్డుకు ఎదురుచూపు ఇచ్చారనీ చెప్పిన రోజున మాత్రం ఆచారి ఉలి కింద పెట్టాడు.

"మనది ఒడ్డే గదా నాయనా," అన్నాడు. పన్నెండో పలక ఆ మర్నాడే మొదలుపెట్టాడు.

అన్నీ అయ్యాక మంచి రోజు చూసి, సన్న ఉలితో బొమ్మలకు కళ్లు తెరిచాడు. కళ్లు తెరిచిన బొమ్మ మీద మళ్లీ ఉలి పెట్టకూడదు. అప్పటిదాకా అది చెక్క, ఆ తరువాత ఒళ్లు.

సరిగ్గా అప్పుడే ధర్మకర్త రంగనాయకులుకు సిగ్గు పుట్టుకొచ్చింది. ఉత్సవానికి పట్నం నుంచి పెద్ద ఆఫీసర్లు కుటుంబాలతో వస్తున్నారు, వాళ్ల ఆడవాళ్ల ఎదుట ఈ బూతేమిటి, తీసెయ్యమన్నాడు. ఇంట్లో పెళ్లాం ఉండగానే నెల్లూరులో ఇంకో ఇల్లు నడిపేవాడికి, చెక్క మొగుడు చెక్క పెళ్లాన్ని ముట్టుకుంటే తల కొట్టేసినట్టయింది.

ఓబులేసు నాలుగు కాగితాల అర్జీ రాశాడు. గుడి మండపంలో ఊరందరి ముందూ నిలబడి చదివాడు. పురుషార్థాలు నాలుగని, కామం మూడోదని, అది లేకుండా నాలుగోదానికి దారి లేదని చదివాడు. గ్రీకులను, అరబ్బులను, తమిళులను వరసగా పిలిచి సాక్ష్యం చెప్పించాడు. పలక పలకకూ అర్థం విప్పాడు. మామల ఎదుట కోడళ్లు, కొడుకుల ఎదుట తల్లులు తలలు వంచేసుకున్నారు. అతను కాగితం నుంచి తలెత్తలేదు. ఎత్తి ఉంటే ఆపేసేవాడేమో.

చదవడం అయ్యాక రంగనాయకులు నవ్వాడు. "విన్నారు గదా. నేను చెప్పింది ఒక్క ముక్క. అబ్బయ్య నాలుగు కాగితాలు చదివి మరీ చెప్పినాడు."

మర్నాటి నుంచి నూనె గిన్నెతో ఒక్క ఆడది కూడా తేరు దగ్గరికి రాలేదు. తాతల నాటి నుంచి నూనె రాసిన వరస ఒక్క సాయంత్రంతో బూతైపోయింది. అలా చేసింది రంగనాయకులొక్కడే అయితే ఓబులేసు హాయిగా తిట్టుకునేవాడు.

బొమ్మలు తీసెయ్యకపోతే తేరు తాళ్లకు మొదట చెయ్యి వేసే హక్కు ఆచారి వంశానికి ఇక ఉండదని కబురొచ్చింది. ఆచారి ఒక్క రోజు గడువు అడిగాడు. రెండో రోజు పొద్దున చిత్రిక తీసుకుని వచ్చాడు. రంగనాయకులు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆచారి వెంటనే చిత్రిక పట్టలేదు. సన్న ఉలి తీసుకుని, ఒక్కో బొమ్మకూ ముందుగా కళ్లు తీసేశాడు. ఇరవై ఇద్దరికీ. అప్పుడు చిత్రిక పట్టాడు. పొట్టు గంపలకెత్తి గుడి వంటశాలకు పంపారు. దాంతోనే ఆ పూట ప్రసాదం వండారు.

పన్నెండో పలక దగ్గరికొచ్చాక రంగనాయకులు చెయ్యెత్తాడు. "ఆ ఒక్కటీ ఉండనీ. మగోడు లేడు గదా. మర్యాదగానే ఉండాది."

తేరు కదిలిన రోజున ఆచారి తాడు పట్టుకోలేదు. భార్య మాలకొండమ్మను తీసుకుని మైపాడు వెళ్లిపోయి, పడవలు బాగుచేసుకుంటూ బతికాడు.

ఆరేళ్లకు రంగనాయకులు పోయాడు. కొత్త ధర్మకర్త కామాక్షయ్య పాత వరస మళ్లీ పెట్టిద్దామన్నాడు. అడగడానికి ఓబులేసే మైపాడు వెళ్లాడు. ఆయన్ను చూడడం అదే ఆఖరు. ఆ తరువాత ఏడాది తిరక్కుండానే ఆచారి కన్నుమూశాడు.

తిరగేసిన పడవ కింద కూర్చుని ఆచారి పలకల సందుల్లో నార కూరుతున్నాడు. ఓబులేసు వచ్చిన పని చెప్పాడు. దానికంటే ముందు చెప్పాల్సింది ఇంకోటుంది.

"ఆ రోజు నేను చదవకుండా ఉంటే..."

మాలకొండమ్మ మజ్జిగ చెంబు అతని ముందు పెట్టింది. "ఎండన పడి వచ్చినావు, ముందు తాగబ్బయ్యా. ఈయన కూడా అదే అంటా ఉంటాడు, చదవకుండా ఉంటే అని," అంది. ఆచారి నవ్వాడు.

"చెక్క పలచబడిపోయింది నాయనా, ఇంక ఉలి పట్టదు. కొత్త పలకలకు ఈ చేతులు పట్టవు. ఆ ఒక్కతీ ఉండాది గదా, చాల్లే."

"మగోడు లేడని వదిలేసినారు దాన్ని."

"వాళ్లు మొహం చూసినారు. కాళ్లు చూళ్లేదు," అన్నాడు ఆచారి. "ఈసారి పోయినప్పుడు వొంగి చూడు, కాలి వేళ్లు ఇసకలోకి ఎట్టా దిగబడినాయో. ఆ పదకొండు జంటలకీ తీరిపోయింది. దీనికింకా తీరలా. ఆ వరసలో ఉన్న నిప్పంతా ఆ వేళ్లలోనే పెట్టినా. నువ్వు చూసుకో. ఎవరికీ చదివి చెప్పబాక."