ఎడమ చెవిలో మాట

నవ్వితే నవ్వండి. మా అమ్మ మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా నేను కల్పించింది కాదు. మురళి పక్కన లేడు కాబట్టి చెబుతున్నాను.

మురళి మా ఆయన. పుట్టుకతోనే ఎడమ చెవి వినపడదు. బొత్తిగా. అందుకే ఎక్కడికెళ్ళినా నేను అతని కుడిపక్కనే నడుస్తాను.

పోయిన వేసవిలో, మేముండే ఇర్వింగ్ నుంచి ఇద్దరం గ్రీస్ వెళ్ళాం. గ్రీన్ కార్డ్ వచ్చాక మొదటి ట్రిప్. ఓ చిన్న ద్వీపం. హార్బర్ చివర, మూడు వైపులా సముద్రం... మధ్యయుగాల నాటి కోట. మేం చేరేసరికి పొద్దు గుంకుతోంది. టికెట్లిచ్చే ఆమె "మూసేస్తున్నాం, త్వరగా చూసి వచ్చేయండి" అంది.

లోపల పొడవాటి రాతి గది. గోడలు ఎంత మందమంటే... అడుగు పెట్టగానే అలల చప్పుడు తెగిపోయింది. ఉప్పు వాసన. చెమ్మ. ఎక్కడో నీటిబొట్టు... టప్... టప్...

మురళి ఆగాడు.

"ఏమైంది?"

"ష్... ఎవరో మాట్లాడుతున్నారు."

చెవులు రిక్కించాను. ఏమీ లేదు. నీటిబొట్టు కూడా ఆగిపోయింది.

"ఎవరు? గ్రీకులోనా?"

"కాదు... తెలుగే."

"ఎటు నుంచి?"

మెల్లగా చెయ్యెత్తాడు... ఎడమ చెవి ముట్టుకున్నాడు.

"ప్రాంక్ చేయకు మురళీ, ప్లీజ్."

నవ్వలేదు. ఎవరో దారి చెబుతుంటే వింటున్నట్టు తల ఊపుతున్నాడు. "ఆఁ... ఆఁ..." అంటున్నాడు. తర్వాత నడిచాడు. నేరుగా... చీకట్లోకి.

ఫోన్ లైట్ వేశాను. ఎదురుగా గోడలో పెద్ద ఖాళీ. ఒకప్పుడు ఓడల మీదకి ఫిరంగులు గురిపెట్టిన చోటు. అడ్డంగా ఒక తాడు, అంతే. అవతల... ఎక్కడో కింద, నల్లటి నీళ్ళు.

అతని కాలు అప్పటికే తాడు దాటింది.

చొక్కా పట్టుకుని లాగాను. కదల్లేదు. అంత బలం అతనికి ఎప్పుడూ లేదు... నాకు తెలుసు కదా! వేలాడినట్టే పట్టుకుని, కుడి చెవిలో నోరు పెట్టి అరిచాను. "మురళీ!"

ఇద్దరం వెనక్కి పడ్డాం. కాసేపటికి లేచి, "మనం ఇక్కడికి ఎప్పుడొచ్చాం?" అన్నాడు.

బయటికొచ్చి టికెట్ల ఆమెని అడిగాను, లోపల ఇంకెవరైనా ఉన్నారా అని. "లేరు. మీరే ఆఖరు" అంది.

ఇర్వింగ్ తిరిగొచ్చాక డాక్టర్‌కి చూపించాం. హియరింగ్ టెస్ట్ చేశారు. ఎడమ చెవికి ఎప్పటిలాగే ఏమీ వినపడలేదు. "మెదడు ఒక్కోసారి శబ్దాలు పుట్టిస్తుంది" అన్నారాయన. అయ్యుండొచ్చు. అదే నిజమైతే బాగుండునని నాకూ ఉంది.

కానీ మొన్న భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగాను. "ఆ రోజు ఏం వినపడింది మురళీ? ఒక్కసారి చెప్పెయ్."

ప్లేటు పక్కకి జరిపాడు.

"నీకు చెప్పొద్దన్నారు" అన్నాడు.