చేపల మార్కెట్ అన్న మాట

నేనప్పుడు బందరులో పంతులమ్మని. ఓసారి గుడివాడ ప్యాసింజరులో కాలేజీ కుర్రాళ్ళు ఒకటే గోల. నా నోరు ఊరుకోలేదు.

"ఇది రైలనుకున్నారా, చేపల మార్కెట్టనుకున్నారా?" అని కసిరాను.

వాళ్ళు నోళ్ళు మూశారు. తలుపు దగ్గర ఖాళీ చేపల గంపతో కూర్చున్న ఆవిడ మాత్రం నవ్వింది.

"మేం ఎందుకు అరుస్తామో తెల్సా అమ్మగారూ?"

తెలియదన్నాను.

"పడవ రాగానే చేపలకి వేలం పాట పెడతారండి. పూర్వం మగాళ్ళు చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దానికింద వేళ్ళు నొక్కి వాళ్ళలో వాళ్ళే ధర తేల్చేసేవోరంట. మా అత్త వాళ్ళు ఒప్పుకోలేదండి. ఏదైనా అందరికీ వినపడేలా అరిచి చెప్పమన్నారు. మా దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేవోణ్ణి ఇప్పటికీ నమ్మమండి."

అని, నా చీరకి తగలకుండా గంపని తన వైపు లాక్కుంది. కోపంతో కాదు, అలవాటుగా.

పెడన దాటాక తట్టింది. నా క్లాసులో సగంమంది సముద్రపు ఒడ్డు పిల్లలే. పదకొండేళ్ళుగా వాళ్ళ ముందు ఆ మాట అంటూనే ఉన్నాను. అన్నప్పుడల్లా అందరికంటే ముందు తలలు దించుకునేది వాళ్ళే. అది నా మీద భయభక్తులనుకుని మురిసిపోయేదాన్ని.