అవ్వకు చూపించిన పాలపిట్ట

ఈసారి దసరా పొద్దున నిద్ర లేచేసరికి నా ఫోన్ నిండా పాలపిట్టలే. బంధువులు, పాత స్నేహితులు, ముఖం కూడా గుర్తురాని వాళ్లెవరో పంపిన ఆ నీలిరెక్కల బొమ్మలను చూసుకుంటూ పోతుంటే, మోకాళ్లు సహకరించక ఇప్పుడు ఊరి బయటికి పోయి పిట్టను చూడలేని నాకు సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు. నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరికి పోయి, మెట్ట చెలకల్లో పాలపిట్టను కళ్లారా చూసి దండం పెట్టుకుంటే తప్ప మన దిక్కు పండుగ పండుగే కాదు.

కొత్తకోట దగ్గరి మా ఊరి నుంచి వెళ్లి పాలమూరు కాలేజీలో చదువుతున్న రోజులవి, అరవయ్యో దశకం మొదట్లో అనుకుంటాను. హైదరాబాదులో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసే మా మేనమామ, నాకు చెట్లూ పిట్టలూ అంటే పిచ్చి అని తెలిసి, తన పాత కెమెరా ఒకటి నా చేతిలో పెట్టి, ఆ విద్యంతా ఒక్క పూటలో చెప్పేసి బస్సెక్కి వెళ్లిపోయాడు. నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. అంకె పెరిగితే వెలుతురు దూరే రంధ్రం చిన్నదవుతుందట, అంకె తగ్గితే పెద్దదవుతుందట, ఇదెక్కడి లెక్కరా దేవుడా! దూరం ఎన్ని అడుగులో కంటితోనే అంచనా కట్టాలట, ఎండ మన వీపు మీద పడాలట, ఒక బొమ్మ తీయగానే వెనక ఉన్న చిన్న ఎర్ర అద్దంలో తర్వాతి అంకె కనిపించేదాకా రీలు తిప్పాలట. ఒకటి గుర్తుంటే ఇంకొకటి మరిచేవాణ్ణి.

ఆ ఏడు వానాకాలంలో మా అవ్వ జారిపడి, తుంటి విరిగి మంచం పట్టింది. బుద్ధెరిగిన నాటి నుంచి పిట్టను చూడని దసరా లేదు ఆమెకు, అందుకే నొప్పి కన్నా ఆ దిగులే ఎక్కువైంది. "గీయేడు పిట్ట మొకం సూడకుంటనే పండుగ పోతది బిడ్డా" అని కళ్లనీళ్లు పెట్టుకుంటే నేను పిట్టను ఫోటోలో తెచ్చి చూపిస్తానని మాట ఇచ్చేశాను. ఇచ్చాక మొదలైంది అసలు గందరగోళం. పండుగ నాడు తీస్తే పాలమూరులో కడిగించి తెచ్చేసరికి పండుగ దాటిపోతుంది. ముందే తీస్తే అది దసరా నాటి పిట్ట కాదు గదా, మరి చూసిన ఫలం దక్కుతుందా? అడిగిన వాళ్లంతా తలో తీరుగా చెప్పారు. ఏదీ తేలక, సరే ముందే తీద్దామనుకున్నాను.

కెమెరా చేతిలో చూడగానే అవ్వ ముందు తన బొమ్మ తీయమంది. వాకిట్లోకి మంచం తెప్పించి తీశాను, తీసి అటు నుంచి అటే చెలకకు పరుగెత్తాను. మనిషి అలికిడైతే పిట్ట లేచిపోతుంది, కానీ మా నాయన కాసే గొర్ల మంద కదిలినప్పుడు గడ్డిలోంచి ఎగిరే మిడతల కోసం దగ్గరికే వస్తుంది. అది కనిపెట్టి, మా నాయన, మా బాపు గొంగడి నెత్తి మీదుగా కప్పుకుని నేనూ మందలో ఒక గొర్రెనై వంగి నడిచాను. లోపల ఉక్క, ఉన్ని వాసన, కెమెరా పైఅద్దంలో చూస్తే కుడివైపు పిట్ట ఎడమవైపు కనిపించే తిరకాసు. బాపు కర్ర పట్టుకుని ఒకటే నవ్వు. "గొర్లను గాయరా అంటే పిట్టను గాస్తున్నవా? నీ సదువు సల్లగుండ!" చివరికి పిట్ట రెక్కలు విప్పి బండ మీద వాలుతుండగా మీట నొక్కాను.

పండుగ ముందు రోజు ఫోటో తెచ్చాను. అవ్వ బొమ్మ తీశాక రీలు తిప్పడం మరిచిపోయాను కాబట్టి, రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మంచం మీది అవ్వ రొమ్ములోంచి చింతగింజంత పిట్ట రెక్కలు విప్పి లేస్తున్నట్టుంది. నీలం లేదు, అంతా బూడిద రంగు. అమ్మ చూసి హడలిపోయింది. ప్రాణం ఎగిరిపోతున్నట్టుంది, పండుగ పూట అపశకునం, ముసలామెకు చూపించొద్దని దూలం సందులో దాచేసింది.

దసరా నాడు అందరూ జమ్మికి పోయి ఇంట్లో అమ్మా నేనూ మిగిలాక, ఫోటో కోసం అవ్వ చెయ్యి చాపింది. అమ్మ వద్దని కళ్లతోనే సైగ చేసింది. చూపిస్తే ఏమవుతుందో, చూపించకపోతే ఇచ్చిన మాట ఏమవుతుందో తోచక కాసేపు అటూ ఇటూ తిరిగి, ఏదైతే అదైందని తీసి ఆమె చేతిలో పెట్టాను. కళ్ల దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నేను పోలేనని పిట్టనే నా తానకు వచ్చిందిరా!" అని చేతులు జోడించి, బోసినోటితో నవ్వింది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అమ్మ భయపడినట్టు ఏమీ కాలేదు. అవ్వ ఆ మంచంలోనే ఇంకా కొన్ని దసరాలు చూసింది, ప్రతి దసరాకూ ఆ ఫోటోనే అడిగి తెప్పించుకుని చూసింది. ఈలోగా నాకు పని బాగా పట్టుబడి, ఒక ఏడు పిట్ట కన్ను కూడా స్పష్టంగా పడేలా కొత్త ఫోటో తీసి, గొప్పగా తీసుకుపోయి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసింది. "మంచిగనే ఉన్నది గని, దీంట్ల నేనేడున్న కొడుకా?" అంది.

ఆ పాత ఫోటోను ఎప్పుడో చెదలు తిన్నాయి. మందలు తిరిగిన చెలకల్లో ఇళ్లు లేచాయి. ఇప్పుడు ఫోన్లో అంకెల గొడవ లేదు, కడిగించే పని లేదు, పాలపిట్ట ఈక ఈకా కనిపిస్తూ పక్క దగ్గరికే వచ్చేస్తోంది. ఇది మంచికో చెడుకో నాకిప్పటికీ తేలదు. మొన్న ఆ బొమ్మల్లోంచి అన్నిటికన్నా అందమైనది చూసి, దండం పెట్టుకుందామని చేతులెత్తాను. జోడించబోతుంటే నోట్లోంచి అవ్వ మాటే వచ్చింది: దీంట్ల నేనేడున్న?