సూఫీల వాకిలి ఎదుట

ఇరాన్‌లోని కాషాన్ పట్టణంలో ముల్లా ఘొద్రత్ గడ్డం దువ్వుకుంటూ మసీదు గుమ్మంలో నిలబడేవాడు. ఎదుటి సూఫీ మఠం వాకిట్లో పేరుకునే చెప్పులను చూస్తే కడుపు రగిలేది. తన వెనక నమాజుకు ముసలివాళ్లు ముగ్గురే.

ఒకనాడు ప్రభుత్వం బుల్డోజరు పంపింది.

"ఆ దారితప్పినవాళ్ల చోటు ఇదేనా, ముల్లాగారూ?" అనడిగాడు అధికారి.

"ఇదే. తొందరగా కానివ్వండి బాబూ!"

మఠంలోని సూఫీ గురువును జీపెక్కించారు. గోడలు కూల్చారు.

సాయంత్రానికి ఘొద్రత్ మసీదులో కొత్త తివాచీలు పరిపించాడు. ఎవరూ రాలేదు. జనమంతా ఆ ఇటుకల కుప్ప మీదే కూర్చుని పాడుతున్నారు. వాళ్ల మధ్య కళ్లు మూసుకుని అతని భార్య తూబా.

"ఇంటికి పద! నిన్నూ పట్టుకుపోతారు."

"ఉండండి, పాట కానీండి."

పెళ్లయినప్పటి నుంచీ తన ప్రసంగం ఆమె ఒక్కసారైనా చివరిదాకా వినలేదు.